తలుపు సరిగ్గా పడితే... కారు బతికినట్టే!

ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఓ చిన్న ఊరు. ఒకప్పుడు అక్కడ తయారైన స్పోర్ట్స్ కార్లకు ప్రపంచమంతా అభిమానులే. ఫ్యాక్టరీ మూతపడి నాలుగున్నర దశాబ్దాలు దాటింది. కార్లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి... వాటి యజమానుల చేతులకు అంటిన గ్రీజు పుణ్యమా అని!

ఆదివారం ఉదయం. బయట సన్నటి తుంపర. ఇంటి పక్కనున్న షెడ్డులో ఓ పెద్దాయన మోకాళ్లమీద కూర్చుని జాకీ తిప్పుతుంటాడు. బల్లమీద టీ చల్లారిపోతుంటుంది. ఎదురుగా రెండే సీట్లున్న చిన్న కారు. పైకప్పు లేదు. వయసు యాభై దాటింది. కారు ఒక పక్క నెమ్మదిగా పైకి లేస్తుంటే ఆయన చూపు చక్రం మీద ఉండదు... తలుపు మీద ఉంటుంది. తలుపుకీ దాని వెనకున్న రేకుకీ మధ్య వేలు పట్టేంత సందు. జాకీ తిప్పుతున్నకొద్దీ ఆ సందు అలాగే ఉంటే ఫర్వాలేదు. మూసుకుపోతోందంటే మాత్రం గుండె జారిపోవాల్సిందే. లోపల తుప్పు కారు నడుమును తినేసిందని అర్థం!

ఆ కారు పేరు ఎంజీబీ. బ్రిటన్‌లో వారాంతాల్లో ఇలాంటి దృశ్యం ఏ ఊళ్లోనైనా కనిపిస్తుంది. దాని పుట్టిల్లు చూడాలంటే మాత్రం అబింగ్డన్ వెళ్లాలి.

బన్నులు విసిరే ఊరు

లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటలో ఆక్స్‌ఫర్డ్. అక్కణ్నుంచి దక్షిణంగా పది కిలోమీటర్ల దూరంలో ఉంది అబింగ్డన్. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. ఉన్నదాంట్లో ప్రయాణికుల రైళ్లు 1963లోనే ఆగిపోయాయి. కాబట్టి బస్సెక్కాలి. కిటికీలోంచి పచ్చిక బయళ్లూ, విల్లో చెట్లూ, మధ్యమధ్యలో థేమ్స్ మెరుపూ చూసుకుంటూ వెళితే అరగంట ప్రయాణం.

ఊరి నడిబొడ్డున ఓ రాతి భవనం. పేరు కౌంటీ హాల్. 17వ శతాబ్దంలో కట్టింది. కింద కమానులూ, పైన మ్యూజియం. ఈ భవనానికో వింత ఆచారం ఉంది. రాజకుటుంబంలో పట్టాభిషేకాల్లాంటి వేడుకలు జరిగినప్పుడు ఊరి పెద్దలు దీని పైకెక్కి కింద గుమిగూడిన జనం మీదికి బన్నులు విసురుతారు. 2023లో ఛార్లెస్ రాజు పట్టాభిషేకానికీ విసిరారు. దొరికిన బన్నును కొందరు తినకుండా దాచుకుంటారు కూడా. పాత వేడుకల నాటి ఎండిపోయిన బన్నులు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

బన్నునే దాచుకునే ఊరు కారును వదిలేస్తుందా! అదే మ్యూజియంలో ఓ ఎంజీబీ కూడా కొలువై ఉంది. అబింగ్డన్ ఫ్యాక్టరీ చివరి రోజుల్లో బయటికొచ్చిన కారది. పిల్లలు దాని చుట్టూ తిరుగుతారు. పెద్దవాళ్లు మాత్రం కాసేపు కదలకుండా నిలబడిపోతారు. వాళ్లలో కొందరి తండ్రులో తాతలో ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లే మరి.

మన అంబాసిడర్‌కి చుట్టమే!

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. సైకిళ్లు బాగుచేస్తూ జీవితం మొదలుపెట్టి కార్ల సామ్రాజ్యం కట్టిన విలియం మోరిస్‌కి ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న షెడ్డు అది. 1921లో అక్కడ అమ్మకాల మేనేజరుగా చేరాడు సెసిల్ కింబర్. మామూలు మోరిస్ కార్ల మీద అందమైన బాడీలు కట్టించి, ఇంజిన్లకు పదునుపెట్టి అమ్మడం ఆయన ఆలోచనే. అంటే... ఉన్న కారుని తీసుకుని ఇంకా బాగా తీర్చిదిద్దుకోవడమన్న సరదాతోనే ఎంజీ పుట్టిందన్నమాట. ఎనిమిది పలకల మధ్య రెండక్షరాలున్న గుర్తు అలా రోడ్డెక్కింది. 1929లో కంపెనీ అబింగ్డన్‌కి మారింది. ఓ తోళ్ల ఫ్యాక్టరీకి చెందిన ఖాళీ భవనాల్లో తయారీ మొదలైంది. ఆ తర్వాత యాభై ఏళ్లలో అక్కణ్నుంచి పది లక్షలకు పైగా కార్లు బయటికొచ్చాయి.

మరి మనకేం సంబంధం అంటారా? చాలానే ఉంది. పెళ్లికొడుకు ఊరేగింపు నుంచి కలెక్టరుగారి క్యాంపు దాకా దశాబ్దాలపాటు మన రోడ్లనేలిన అంబాసిడర్... ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ కంపెనీ తయారుచేసిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారుకు మన దేశపు రూపం. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను బి-సిరీస్ కుటుంబానికి చెందింది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో బిగించింది కూడా అదే కుటుంబంలోని 1489 సీసీ ఇంజినే. 1962లో ఎంజీబీ వచ్చేటప్పటికి దాన్ని 1798 సీసీకి పెంచారు. మన దగ్గర పదిమందిని కుక్కుకుని పెళ్లికి తీసుకెళ్లిన ఇంజిను, అక్కడ ఇద్దర్నే ఎక్కించుకుని గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయిందన్నమాట. అంబాసిడర్ హెడ్డు దించి ఎక్కించిన మన పాత మెకానిక్‌కి ఎంజీబీ బానెట్ తెరిచి చూపిస్తే... కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు!

పండగ మర్నాడే పిడుగు

ఎంజీబీ మహారాజుల కారు కాదు. ఓ మోస్తరు జీతమున్న కుర్రాడు కొనుక్కోగలిగే స్పోర్ట్స్ కారు. ఆ కిటుకుతోనే 1962-80 మధ్య అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో ఎక్కువ భాగం అమెరికా వెళ్లిపోయాయి.

1979 సెప్టెంబరులో అబింగ్డన్ ఊరంతా పండగ చేసుకుంది. ఎంజీ తమ ఊరికొచ్చి యాభై ఏళ్లయిన సందర్భమది. ఊరేగింపులూ, పాత కార్ల ప్రదర్శనలూ... వీధులన్నీ కళకళలాడాయి. సంబరాలు ముగిసిన మర్నాడు, సెప్టెంబరు 10, సోమవారం. యాజమాన్యమైన బ్రిటిష్ లేలాండ్ నష్టాలు తట్టుకోలేక అబింగ్డన్‌లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తోరణాలు ఇంకా దించనేలేదు. వందలాది కుటుంబాల పొయ్యిలో నీళ్లు పోసినట్టయింది. అభిమానులు వీధుల్లోకొచ్చి నిరసన తెలిపారు. ఫలితం లేకపోయింది. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ గేటు మూతపడింది.

ఇప్పుడు ఆ స్థలంలో వ్యాపార సంస్థల భవనాలున్నాయి. అయితే పాత ఫ్యాక్టరీ పక్కనే ఓ చిన్న భవనానికి మాత్రం ఇంకా అభిమానులు వస్తుంటారు. దానిపేరు కింబర్ హౌస్. 1930లో పుట్టిన ఎంజీ కార్ క్లబ్ కార్యాలయం అదే. ఎంజీ పేరు ఆ తర్వాత ఎన్నో చేతులు మారి చైనా కంపెనీ సాయిక్ దగ్గరికి చేరింది. మన దేశంలో 2019 నుంచి అమ్ముడవుతున్న హెక్టర్ కార్ల ముందు మెరిసే ఎనిమిది పలకల గుర్తు అబింగ్డన్‌దే. ఆ కారు నడిపే హైదరాబాదీల్లో ఆ ఊరి సంగతి తెలిసినవాళ్లు ఎందరో!

తుప్పుతో యుద్ధం

తయారీ ఆగిపోయిన కారు ఇన్నేళ్లు ఎలా బతికింది? ముందు దాని జబ్బు తెలియాలి.

ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు. బాడీయే ఎముకల గూడు. పైకప్పు కూడా లేదు కాబట్టి కారు మధ్యలో కుంగిపోకుండా నిలబెట్టేది రెండు తలుపుల కింద పొడవుగా ఉండే ఉక్కు పెట్టెల్లాంటి భాగాలు. వాటిని సిల్స్ అంటారు. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు సిల్స్‌లోకి దూరి లోపల్నుంచి తినేస్తాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల డొల్ల! అందుకే కొనేముందు జాకీ పరీక్ష. నడుం పడిపోయిన కారును లేపితే మధ్యలో మడత పడుతుంది. తలుపు బిగుసుకుపోతుంది. ఇంకొందరు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్తారు. అది రేకుకి అంటుకోలేదంటే అక్కడున్నది ఇనుము కాదు... లప్పం!

రిపేరు కూడా అంత తేలిక కాదు. సిల్‌లో పైకి కనిపించే రేకొకటే మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు. లోపల మరో రెండు పొరలుంటాయి. ముగ్గురన్నదమ్ములూ కలిస్తేనే ఇల్లు నిలబడినట్టు, మూడూ గట్టిగా ఉంటేనే కారు నిలబడుతుంది. అనుభవమున్నవాళ్లు రేకు కోసేముందు తలుపు సందుల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డింగ్ చేస్తారు. కోస్తుండగా బాడీ వంకరపోకుండా అదో జాగ్రత్త. మధ్యమధ్యలో తలుపు బిగించి చూస్తారు. సరిగ్గా పడితే ముందుకి. లేదంటే ఎక్కడో తప్పు చేసినట్టే. ఒక్కో పక్కకి వారాంతాలన్నీ కలిపి నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

బాగుచేయలేని స్థితికొస్తే? దానికీ ఉపాయముంది. 1980ల్లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఎంజీబీ రేకుల్ని అచ్చుకొట్టిన నాటి పాత డైలను వెతికి పోగుచేసింది. వాటితోనే 1988లో కొత్త బాడీల తయారీ మొదలుపెట్టింది. అబింగ్డన్‌కి దగ్గర్లోనే ఉన్న విట్నీలో ఇప్పుడు ఆ పని సాగుతోంది. ధర పదివేల పౌండ్ల పైమాటే. అంటే మన లెక్కలో పది లక్షల రూపాయలు దాటుతుంది. పాతకారులోంచి ఇంజినూ, గేర్‌బాక్సూ, సీట్లూ తీసి కొత్త బాడీలో బిగించుకోవచ్చు. ఇంకొందరు వేరే దారి పట్టారు. ఎండలు మండే కాలిఫోర్నియా, ఆరిజోనాల నుంచి తుప్పుపట్టని ఎంజీబీలను ఓడల్లో వెనక్కి తెప్పించుకున్నారు. ఒకప్పుడు డాలర్ల కోసం అమ్మిన కార్లను పౌండ్లిచ్చి తిరిగి కొనుక్కోవడమన్నమాట!

చెవే స్కానర్

ఈ రోజుల్లో కారు మొరాయిస్తే మెకానిక్ లాప్‌టాప్ తగిలిస్తాడు. ఎంజీబీకి ఆ అవసరం లేదు. రెండు చెవులుంటే చాలు. ఇంజినుకి ఓ పక్కన ఎస్‌యూ కార్బురేటర్లు రెండుంటాయి. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే ఇంజిను సాఫీగా నడుస్తుంది. దీనికోసం యజమాని మూరెడు రబ్బరు గొట్టం తీసుకుంటాడు. ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర. ‘స్‌స్‌స్’ అన్న చప్పుడు వింటాడు. రెండోదాని దగ్గరా వింటాడు. రెండు శబ్దాలూ ఒకేలా వినిపించేదాకా స్క్రూ తిప్పుతాడు. వీణకు శ్రుతి చేసుకున్నట్టే!

మిగతా సేవలూ ఇలాంటివే. కార్బురేటర్ల పైనున్న గొట్టాల్లో అప్పుడప్పుడూ కాస్త ఆయిలు పొయ్యాలి. టాపెట్ల సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులుండేలా ఇంజిను చల్లగా ఉన్నప్పుడు సరిచూడాలి. ముందు చక్రాల కింగ్‌పిన్నులకు గ్రీజు కొట్టాలి. అది మరిస్తే స్టీరింగ్ బండబారిపోతుంది. ఊచల చక్రాలున్న కారైతే వాటిని తీసి లోపలి పళ్లకు గ్రీజు రాయాలి. వాటికి మామూలు నట్లుండవు. మధ్యలో ఒకే పెద్ద నట్టు. సుత్తితో కొట్టి బిగించాలి. కారు పరిగెడుతుండగా వదులైపోకుండా కుడివైపు నట్టూ ఎడమవైపు నట్టూ ఎదురెదురు దిశల్లో తిరిగేలా చేశారు. ఆ సంగతి తెలియని కొత్త కుర్రాడు విప్పుతున్నాననుకుని ఇంకా బిగించేయడం మామూలే.

ఇంకో చిత్రం... 1967కి ముందు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ ప్లస్ తీగను బాడీకి తగిలించేవారు. ఇప్పటి కార్లలో మైనస్‌ని తగిలిస్తుంటే! ఇది తెలియక కొత్త రేడియో బిగించి పొగ తెప్పించుకున్నవాళ్లున్నారు. ఆ బ్యాటరీలు కూడా ఒకటి కాదు, ఆరు వోల్టులవి రెండు. అవీ సీట్ల వెనక నేల కింద దాక్కుని ఉంటాయి.

ఎంత మార్చినా అదేనా?

కారును కాపాడుకోవడం ఒక సరదా అయితే, మెరుగులు దిద్దుకోవడం ఇంకో సరదా. మొదటి మెట్టులో పైకి కనిపించని మార్పులు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం, డైనమో బదులు ఆల్టర్నేటర్ వేయడం, బ్రేకులకు సర్వో బిగించడం. తలకాయలో గట్టి వాల్వు సీట్లు వేయించడమైతే తప్పనిసరే అయింది. పాత పెట్రోల్లోని సీసం వాల్వు సీట్లను కాపాడేది. 2000లో బ్రిటన్ బంకుల్లో సీసం పెట్రోలు అమ్మకం ఆగిపోయాక అవి త్వరగా అరిగిపోయే ప్రమాదమొచ్చింది.

రెండో మెట్టు కాస్త పెద్దది. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం ఎంజీబీకి పెద్దపెద్ద నల్లటి రబ్బరు బంపర్లు తగిలించి, కారు ఎత్తును పెంచేశారు. అందం పోయింది. మలుపుల్లో ఒరగడం మొదలైంది. ఇప్పటి యజమానులు చాలామంది ఆ బంపర్లు పీకేసి వెండిలా మెరిసే పాత క్రోమ్ బంపర్లు పెట్టుకుని, స్ప్రింగులు మార్చి కారును కిందికి దించుకుంటారు. నాలుగు గేర్ల స్థానంలో ఫోర్డ్ కారు నుంచి తెచ్చిన అయిదు గేర్ల పెట్టె బిగించేవాళ్లూ ఉన్నారు.

మూడో మెట్టు... గుండె మార్పిడి! 1973లో కంపెనీయే రోవర్ వి8 ఇంజినుతో ఎంజీబీ జీటీని తెచ్చింది. రెండున్నర వేలకు కాస్త పైగా తయారయ్యాక 1976లో ఆపేసింది. ఆ తర్వాత అభిమానులు సొంతంగా తమ కార్లలో వి8లు దింపుకోవడం మొదలుపెట్టారు. దాన్ని చూసే కాబోలు, 1992లో రోవర్ కంపెనీ హెరిటేజ్ బాడీ ఆధారంగా ఆర్‌వీ8 అనే కారు తెచ్చింది. సుమారు రెండువేలు చేస్తే అందులో అత్యధిక భాగం జపాన్ వాళ్లు కొనుక్కున్నారు. అబింగ్డన్ పరిసరాల్లోని ఫ్రంట్‌లైన్ అనే సంస్థ ఎంజీబీ యాభై ఏళ్ల సందర్భంగా మాజ్దా ఇంజినుతో ఎల్ఈ50ని తీర్చిదిద్దింది. ఇప్పుడు బ్యాటరీ, మోటారు పెట్టి ఎలక్ట్రిక్ ఎంజీబీలు కూడా తయారుచేస్తున్నారు.

ఇక్కడే అభిమానులు రెండు జట్లు. ‘గుండె మారిస్తే అది ఎంజీబీ ఎలా అవుతుంది?’ అన్నది ఒకరి వాదన. ‘నడవకుండా షెడ్డులో మగ్గడంకన్నా మోటారుతోనైనా రోడ్డు మీద ఉండటం నయం కదా’ అన్నది రెండోవారిది. ఈ తగాదాలో చట్టానికీ పాత్ర ఉంది. బ్రిటన్‌లో నలభై ఏళ్లు నిండిన కార్లకు రోడ్డు పన్ను మినహాయింపు తీసుకోవచ్చు. 2018 నుంచి ఏటా చేయించే సామర్థ్య పరీక్ష కూడా అక్కర్లేదు. అయితే గత ముప్ఫై ఏళ్లలో కారును సమూలంగా మార్చి ఉంటే ఆ పరీక్ష మినహాయింపు దక్కదు. మన దేశమూ 2021లో యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వింటేజ్’ గుర్తింపునిస్తూ ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ప్లేటు తెచ్చింది. ఇక్కడా షరతు అదే... అసలు రూపం చెడగొట్టకూడదు.

చేతిలో ఉన్న విద్య

ఖర్చు లెక్కేస్తే ఇది నష్టాల బేరమే. ఎంజీబీని పూర్తిగా బాగుచేయించడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు ఆ కారు అమ్మితే వచ్చే ధరకన్నా ఎక్కువ. విడిభాగాల కొరతా లేదు. అద్దం చుట్టూ ఉండే రబ్బరు నుంచి మొత్తం బాడీ దాకా అన్నీ కొత్తవి దొరుకుతాయి. మరి దిగులెందుకంటే... మనుషుల గురించి. చెవితో కార్బురేటర్ సరిచేసే చేతులు ముసలివైపోతున్నాయి. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు ఏటికేడాది తగ్గిపోతున్నారు. పెట్రోలూ మారుతోంది. 2021లో బ్రిటన్ పదిశాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలుకు మారింది. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. 2025 నాటికి మన దగ్గర ఇరవై శాతానికి చేరింది కాబట్టి ఇక్కడి పాత బండ్లవాళ్లకూ ఈ బాధ తెలుసు.

అందుకే చాలా ఇళ్లలో ఆదివారం షెడ్డు పని ఒంటరి పని కాదు. తాత పక్కన మనవరాలో మనవడో టార్చిలైటు పట్టుకుని నిలబడతారు. ముందు పానాల నంబర్లు నేర్చుకుంటారు. తర్వాత రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని వింటారు. మొదట్లో రెండు శబ్దాల తేడా తెలియదు. కొన్ని వారాలకి తెలుస్తుంది. ఆ విద్య పుస్తకంలో చదివితే వచ్చేది కాదు.

సాయంత్రానికి తుంపర ఆగుతుంది. జాకీ దిగుతుంది. కొత్తగా వెల్డింగ్ చేసిన సిల్ మీద కారు బరువంతా ఆనుతుంది. తలుపు తీసి నెమ్మదిగా వదిలితే చాలు... ‘టక్’మని పడుతుంది. సందు ఎక్కడా మారలేదు. అబింగ్డన్‌లో గేటు మూతపడినా, ఇంకో ఏడాదికి ఈ కారు మాత్రం రోడ్డు మీద ఉన్నట్టే.